కొండకు చుట్టాలుగా వెళ్దాం

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా అల్లవరంలో మా సంఘం తరఫున యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

వెనక ఉన్నవాళ్ళు కాస్త ముందుకు వచ్చి కూర్చోండి. ఈ రోజు మాటలు ముఖ్యంగా మీకోసమే.

1982 ఆగస్టు 9న ఐక్యరాజ్యసమితిలో ఆదివాసీల కోసం ఏర్పాటైన కార్యవర్గం మొదటిసారి సమావేశమైంది. ఆ రోజుకు గుర్తుగా ఆగస్టు 9ని ప్రపంచ ఆదివాసీ దినోత్సవంగా జరపాలని 1994లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తీర్మానించింది. ప్రతి ఏడూ ఈ రోజున మనం స్కాలర్‌షిప్పుల గురించి, కుల ధ్రువీకరణ పత్రాల గురించి, ఇళ్ళ స్థలాల గురించి మాట్లాడుకుంటాం. అవి మాట్లాడుకోవలసినవే, మానకూడదు. అయితే ఈసారి మేము ఒక నడక గురించి చెప్పదలచుకున్నాం. పోయిన చలికాలంలో మన పేటల నుంచి 18 మంది పిల్లలతో కలిసి మారేడుమిల్లి దగ్గర గుడిస కొండ మీదికి ఒక పగలంతా నడిచి వచ్చాం. ఆ నడకలో మాకు తెలిసినవి, ఆ తర్వాత పెద్దలను అడిగి, చదివి తెలుసుకున్నవి మీ ముందు పెడతాం.

"అల్లవరంలో కొండ ఎక్కడుంది, కొండల సంగతి మనకెందుకు?" అని ఎవరికైనా అనిపించవచ్చు. నిజమే. మనది సముద్రపు ఒడ్డు. ఇటు చూస్తే కొబ్బరి, అటు చూస్తే వరి, ఇంకాస్త ముందుకెళితే ఓడలరేవు దగ్గర వైనతేయ సముద్రంలో కలుస్తుంది. ఇక్కడ పుట్టిన పిల్లాడికి ఎత్తు అంటే ఏటిగట్టే. కానీ ఒక్కసారి ఆలోచించండి. మన కాళ్ళ కింది మట్టి ఇక్కడ పుట్టింది కాదు. కోనసీమ మొత్తం గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు. ఎక్కడెక్కడి నేలో కొట్టుకొచ్చి మన పొలమైంది. సీలేరు శబరిలో కలుస్తుంది, శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ నీటితో తూర్పు కనుమల మట్టి కూడా ఇంత దూరం వచ్చింది. కాబట్టి కొండ మన దగ్గరికి ఏనాడో వచ్చేసింది. మనమే దాని దగ్గరికి వెళ్ళడం మానేశాం.

ఇంకో మాట. మన ఇళ్ళలో ఎరుకల అమ్మమ్మలు అల్లే చేట, గంప, బుట్ట దేనితో చేస్తారు? వెదురుతో. ఆ వెదురు ఎక్కడిది? అడితి నుంచి తెచ్చామంటాం. అడితికి ఎక్కడి నుంచి వచ్చింది? కొండ నుంచి. మన ఊరి పేరులోనే అల్లిక ఉందని మా పిల్లలు సరదాగా అంటుంటారు. పేరు సంగతి ఎలా ఉన్నా, మన చేతి పనికి మొదలు మాత్రం కొండ మీదే ఉంది.

బయలుదేరడం

ముందుగా ఈ ప్రయాణం ఎలా జరిగిందో చెబుతాం. రేపు మీరు వెళ్ళాలన్నా పనికొస్తుంది.

అన్నిటికన్నా కష్టమైన పని కొండ ఎక్కడం కాదు, ఆడపిల్లలను పంపమని ఇళ్ళలో అడగడం. "మగపిల్లలు వెళ్తే వెళ్ళనీ, ఆడపిల్లకు కొండలెందుకు?" అన్న మాట నాలుగైదు గడపల్లో విన్నాం. వాదించలేదు. మీలో ఒకరు కూడా రండి అన్నాం. అలా ముగ్గురు అమ్మలు మాతో బయలుదేరారు. దాంతో 18 మందిలో 8 మంది ఆడపిల్లలు అయ్యారు. వయసులో పెద్దవాళ్ళు తోడుంటే నడకకు క్రమం వస్తుందని కూడా మాకు అప్పుడే తెలిసింది.

అల్లవరం నుంచి అమలాపురం, రావులపాలెం మీదుగా గౌతమి దాటి, రాజమండ్రి, గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి చేరాం. 150 కిలోమీటర్లకు పైనే ఉంటుంది. ముందు రోజు సాయంత్రానికి చేరి, రాత్రి అక్కడే పడుకున్నాం. తెల్లవారకముందే జీపుల్లో పుల్లంగి వైపు వెళ్ళి, మిగతా దూరం నడవాలని నిర్ణయించుకున్నాం. జీపు పైదాకా వెళ్తుందని డ్రైవరు చెప్పాడు. మేము నడవడానికే వచ్చామన్నాం. మా వైపు ఒకసారి, అమ్మల వైపు ఒకసారి చూసి నవ్వాడు.

బయలుదేరే ముందు ఒక ముసలమ్మ మాకు సంచి ఇచ్చింది. అందులో రెండు కల్లుప్పు పొట్లాలు, నాలుగు కొబ్బరికాయలు, ఆవిడే అల్లిన ఒక చేట ఉన్నాయి. "చుట్టాలింటికి ఉత్త చేతుల్తో వెళ్తారా ఎక్కడైనా?" అంది. అప్పటిదాకా మేము దాన్ని విహారయాత్ర అనుకుంటున్నాం. ఆవిడ ఆ ఒక్క మాటతో దాన్ని చుట్టరికం చేసింది. ఈ ప్రసంగానికి పేరు కూడా ఆవిడ మాటలోంచే వచ్చింది.

మంచులో నడక

మా ముందు దారి చూపించింది ఒక కొండరెడ్డి అన్న. కొండరెడ్లు గోదావరికి రెండు వైపులా ఈ కొండల్లో ఉండే తెగ. ప్రభుత్వం వారిని ప్రత్యేకించి బలహీనమైన గిరిజన సమూహాల్లో ఒకరిగా గుర్తించింది. పోడు వ్యవసాయం, వెదురు పని వారి బతుకులో భాగం. ఆ అన్నకు మంచు అంటే మన పిల్లలకు వీధి మలుపులాంటిది.

నడక మొదలయ్యేసరికి చుట్టూ తెల్లగా ఉంది. పది అడుగుల ముందున్న మనిషి నీడలా కనిపిస్తున్నాడు, ఇరవై అడుగుల ముందున్నవాడు అసలు లేడు. చెట్ల ఆకుల మీద నుంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. వాన కాదు, మంచే ఆకుకు తగిలి నీరవుతోంది. మన దగ్గర సంక్రాంతి రోజుల్లో వరి చేల మీద దుప్పటిలా పరుచుకునే మంచు అందరికీ తెలుసు. అది చూడటానికి బావుంటుంది కానీ మనం దాంట్లో నడిచేది తెలిసిన దారిలో. తెలియని కొండ మీద మంచు వేరు. దూరం తెలియదు, లోతు తెలియదు, శబ్దం ఎటు నుంచి వస్తోందో తెలియదు.

మంచు ఎందుకు పడుతుందని ఒక తమ్ముడు అడిగాడు. ఇంటర్ చదివే అమ్మాయి చక్కగా చెప్పింది. చలికాలం రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే నేల తన వేడిని తొందరగా వదిలేస్తుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడుతుంది. చల్లగాలి బరువు కాబట్టి వాలు వెంట జారి లోయలో చేరుతుంది. అక్కడి తేమ సన్నని నీటి బిందువులుగా మారుతుంది. అదే మంచు. ఒక కిలోమీటరు దూరం కూడా కనబడకపోతే వాతావరణ శాఖ వాళ్ళు దాన్ని పొగమంచు అంటారు. పైకి వెళ్ళేకొద్దీ చలి ఎందుకు పెరుగుతుందో కూడా చెప్పింది. సగటున ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకు సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుందట. గుడిస 3,000 అడుగులకు పైన ఉంది. అంటే మన అల్లవరంలో చొక్కాతో తిరిగే ఉదయం అక్కడ చెవులకు గుడ్డ కట్టుకోవాలి.

ఇదంతా విని ఆ అన్న, "మీరు చెప్పింది నిజమే తల్లీ. మేం ఇంకోలా చెప్పుకుంటాం. రాత్రి కొండ పడుకున్నప్పుడు లోయ దుప్పటి కప్పుకుంటుంది. ఎండొచ్చి లేపేదాకా తియ్యదు" అన్నాడు. చదువు చెప్పిన మాటా, కొండ చెప్పిన మాటా ఒకదాన్నొకటి కొట్టుకోలేదు. మాకు రెండూ నచ్చాయి.

నడిచే పద్ధతి ఆయనే నేర్పాడు. అందరికన్నా మెల్లగా నడిచేవాళ్ళను ముందు పెట్టాడు. మన కాలేజీ కుర్రాళ్ళు ముందుకు ఉరకబోతే ఆపి, "బాబూ, జోరుగా నడిచేవాడు ముందుంటే వెనకవాళ్ళు తప్పిపోతారు. మెల్లగా నడిచేవాడు ముందుంటే ఎవరూ తప్పిపోరు" అన్నాడు. మాతో వచ్చిన అమ్మల్లో ఒకరికి మోకాళ్ళ నొప్పి. ఆవిడ ముందు నడిచింది. ఆవిడ ఆగిన చోట అందరం ఆగాం, ఆవిడ కదిలితే కదిలాం. పరుగుపందెం అలవాటైన మన పిల్లలకు మొదట విసుగొచ్చింది. గంట గడిచేసరికి అందరి అడుగూ ఒకటైంది.

ఒక చోట మాత్రం భయపడ్డాం. సగం దారిలో లెక్క చూస్తే ఇద్దరు తక్కువ. ఫోటో కోసం పక్కనున్న బండ మీదికి వెళ్ళారు, తిరిగి చూస్తే దారి కనబడలేదు. ఫోన్లకు సిగ్నల్ లేదు. ఒక కుర్రాడు వెతకడానికి వెనక్కి పరుగెత్తబోయాడు. అన్న అతని చెయ్యి పట్టుకుని ఆపాడు. అందరినీ ఉన్నచోటే కూర్చోమన్నాడు. మాట్లాడొద్దన్నాడు. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టి ఒక కూత వేశాడు. ఆగి విన్నాడు. మళ్ళీ వేశాడు. మూడోసారికి కింద ఎడమ వైపు నుంచి జవాబు వచ్చింది. "కదలకండి, అక్కడే కూర్చోండి" అని అరిచి, తనే వెళ్ళి ఇద్దరినీ తీసుకొచ్చాడు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. వాళ్ళు నిలబడిన చోటికి కాస్త అవతల వాలు చాలా ఏటవాలుగా దిగిపోయిందని మంచు విడిపోయాక తిరిగొస్తూ చూశాం. మంచులో దారి తప్పితే వెతుక్కుంటూ నడవకూడదు, కూర్చుని కూత వెయ్యాలి. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, ప్రాణం కాపాడుతుంది.

పైకి చేరేసరికి ఎండ వచ్చింది. పచ్చిక బయలు, గాలికి వంగుతున్న గడ్డి, కింద లోయ నిండా మంచు. మబ్బు మీద మనం, మన కింద మబ్బు. మన పిల్లలు సముద్రం పక్కన పుట్టినవాళ్ళు కదా, ఒకడు "అరే, ఇక్కడా సముద్రమే!" అన్నాడు. కాసేపటికి ఆ తెల్ల సముద్రం చీలి, లోయలో ఇళ్ళు, పొలాలు, పొయ్యి పొగలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. అప్పుడు అందరం మాట్లాడకుండా నిలబడిపోయాం. పైనుంచి చూస్తే అందమైన దృశ్యం. కానీ ఆ దృశ్యంలో మనుషులున్నారు.

చేట చెప్పిన సంగతి

దిగేటప్పుడు ఒక పల్లెలో ఆగాం. ముసలమ్మ ఇచ్చిన సంచి అక్కడ విప్పాం. కొబ్బరికాయలు చూసి పిల్లలు మూగారు. ఒక పెద్దావిడ ఉప్పు తీసుకుని పక్కన పెట్టి, చేటను మాత్రం చేతుల్లోకి తీసుకుంది. తిప్పి చూసింది. వేలితో అంచు తడిమింది. "ఏ ఊరి అల్లిక ఇది?" అని అడిగింది. అల్లవరం అని చెబితే ఆ పేరు వినలేదంది. లోపలికి వెళ్ళి తన ఇంటి గంప తెచ్చింది. మా అంచు కట్టు వేరు, మీ అంచు కట్టు వేరు అని రెండూ పక్కపక్కన పెట్టి చూపించింది.

మా గుంపులో డిగ్రీ చదివే అమ్మాయి ఒకతె ఉంది. చేట అల్లింది ఆమె నాయనమ్మే. ఆ అమ్మాయి కాలేజీలో తమ ఇంట్లో బుట్టలు అల్లుతారని ఎవరికీ చెప్పలేదు. హాస్టల్ ఫారంలో ఎస్టీ అని రాయాల్సినప్పుడు కాగితం చేత్తో మూసి రాసేదట. ఈ మాట ఈ వేదిక మీద చెప్పొచ్చని తనే మాకు చెప్పింది, తను ఇక్కడే కూర్చుని ఉంది. ఆ అమ్మాయి ఆ రోజు ఆ పెద్దావిడ పక్కన నేల మీద కూర్చుని, వెదురు బద్ద ఎలా చీరాలో, అంచు ఎలా మడవాలో అరగంట సేపు చూపించింది, చూసింది. ఇద్దరి భాషలో కొన్ని మాటలు కలవలేదు. చేతులు మాత్రం కలిశాయి. లేచేటప్పుడు ఆ పెద్దావిడ, "మీరూ మాలాంటోళ్ళే" అంది. పట్నంలో అదే మాట ఎవరైనా అంటే ఆ అమ్మాయి తల దించుకునేది. అక్కడ తలెత్తుకుంది.

నడకే నేరమైన రోజులు

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇప్పుడు ఒక పాత కథ చెప్పాలి. ఇది కొంచెం బాధగా ఉంటుంది, అయినా వినండి.

ఎరుకల వారు ఒకప్పుడు నడక మీద బతికిన జనం. గాడిదల మీద, ఎద్దుల మీద బరువులేసుకుని కోస్తా నుంచి ఉప్పు లోపలి ప్రాంతాలకు తీసుకెళ్ళి, అక్కడి ధాన్యం, చింతపండు లాంటివి ఇటు తెచ్చి మార్చుకునేవారు. రోడ్డు లేని ఊరికి ఉప్పు చేర్చింది వాళ్ళే. 19వ శతాబ్దంలో రైళ్ళు వచ్చాయి. ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది. బరువు మోసే వ్యాపారం దెబ్బతింది. వ్యాపారం పోయినా నడక మిగిలింది. సరుకు లేకుండా నడిచేవాడిని చూసి తెల్లదొరలకు అనుమానం వచ్చింది. 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం చేశారు. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. అప్పుడు మన గోదావరి ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఆ జాబితాలో ఎరుకల వారిని చేర్చారు.

ఆ చట్టం కింద పేరు ఎక్కితే ఏం జరిగేదో తెలుసా? వేలిముద్రలు తీసుకునేవారు. చెప్పిన వేళకు హాజరు వేయించుకోవాలి. ఊరు మారాలంటే ముందుగా చెప్పాలి, అనుమతి చీటీ ఉండాలి. చీటీ లేకుండా దారిలో కనిపిస్తే శిక్ష. దొంగతనం చేసినందుకు కాదు, నడిచినందుకు! పుట్టుకే నేరం, అడుగే సాక్ష్యం. స్వాతంత్ర్యం వచ్చాక, 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది. అందుకే ఆగస్టు 31ని విముక్త జాతులు పండుగలా జరుపుకుంటాయి. మన క్యాలెండర్లలో కూడా ఆ తేదీ చుట్టూ ఒక గీత గియ్యండి.

అదే కాలంలో కొండ మీద ఏం జరిగింది? అక్కడ నడక నేరం కాలేదు, అక్కడ బతుకే నేరమైంది. కల్లు మీద చిగురుపన్ను వేసినప్పుడు, మన్సబుదారు దోపిడీ, పోలీసుల జులుం భరించలేక 1879లో రంప తిరగబడింది. తర్వాత అడవి చట్టాలు పోడును ఆపాయి. కొండలకు రోడ్లు వేయడానికి గిరిజనుల చేతే వెట్టిపని చేయించారు. ఆ కోపమే 1922లో అల్లూరి సీతారామరాజు వెనక కట్టలు తెంచుకుంది. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద వరుసగా మూడు రోజులు దాడి చేసి తుపాకులు తీసుకున్నారు. గాం గంటందొర, గాం మల్లుదొర లాంటి కొండ బిడ్డలు ఆ పోరాటానికి వెన్నెముక. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు కూలిపోయారు. అంత పెద్ద సర్కారును 1924 మే దాకా ఆ కొద్దిమంది ఎలా నిలువరించారు? ధైర్యం ఒక కారణం. దారులు తెలియడం ఇంకో కారణం. ఏ కనుమలో ఏ కాలిబాట ఎక్కడ తేలుతుందో పుస్తకంలో చదివి కాదు, రోజూ నడిచి తెలుసుకున్నవాళ్ళు వాళ్ళు.

ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూడండి. మైదానపు ఆదివాసీకి నడిచే హక్కు పోయింది, కొండ ఆదివాసీకి ఉండే హక్కు పోబోయింది. మనల్ని విడదీసిన దారి మీదే మళ్ళీ కలవాలి. అందుకే మా 18 మంది పిల్లలు చీటీ లేకుండా, ఎవరి ముందూ చేతులు కట్టుకోకుండా, పట్టపగలు కొండ దారిన నడవడం మాకు చిన్న సంగతి కాదు.

ఇప్పుడు పోతున్నది ఏమిటి

పై పచ్చికలో మేము చూసిన ఇంకో దృశ్యం కూడా చెప్పాలి. గడ్డిలో చిప్స్ కవర్లు, నీళ్ళ సీసాలు, పగిలిన బీరు సీసా ముక్కలు. పశువులు మేసే చోట గాజు పెంకులు! ఎవరో వెలిగించి వదిలేసిన నెగడు చుట్టూ నల్లగా కాలిన గడ్డి. ఎండిన గడ్డికి నిప్పురవ్వ చాలు, గాలి ఉంటే వాలంతా అంటుకుంటుంది. మన పిల్లలు నాలుగు గోనె సంచుల చెత్త ఏరి కిందికి మోసుకొచ్చారు. ఎవరూ చెప్పలేదు, వాళ్ళే మొదలుపెట్టారు.

మంచు చూడటానికి ఇప్పుడు లోకమంతా కొండలకు వస్తోంది. మారేడుమిల్లి, వంజంగి, లంబసింగి పేర్లు ఫోనుల్లో మారుమోగుతున్నాయి. మంచిదే. బొంగు చికెన్ అమ్ముకునే కుటుంబానికి, దారి చూపే కుర్రాడికి నాలుగు రూపాయలు వస్తే సంతోషమే. కానీ లాభం ఎవరికి, చెత్త ఎవరికి? ఆ ప్రశ్న మనం అడగకపోతే ఇంకెవరు అడుగుతారు?

ఆ ప్రశ్నకు మన చేతిలో చట్టాలున్నాయి. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకుండా 1959 నిబంధనకు 1970లో చేసిన సవరణ ఉంది, దాన్నే 1/70 చట్టం అంటాం. గ్రామసభకు అధికారమిచ్చిన 1996 పెసా చట్టం ఉంది. ఏజెన్సీలోని ప్రభుత్వ భూమిని ప్రైవేటు గని కంపెనీలకు లీజుకు ఇవ్వడం చెల్లదని సుప్రీంకోర్టు 1997లో సమతా కేసులో తీర్పు చెప్పింది. 2006 అటవీ హక్కుల చట్టం అయితే మన చేటకు నేరుగా చుట్టం. అది వెదురును చిన్నతరహా అటవీ ఫలసాయంగా లెక్కించి, దాని మీద అడవి బిడ్డలకు యాజమాన్య హక్కు ఇచ్చింది. అంతకుముందు 1927 అటవీ చట్టం వెదురును చెట్టుగా లెక్కవేసేది. నిజానికి వెదురు గడ్డి జాతి. అడవి బయట పెంచే వెదురును ఆ చెట్టు లెక్క నుంచి 2017లో తప్పించారు. అంటే ఇవాళ మన పేటలో, మన ఇంటి వెనక వెదురు పొద వేసుకుని నరుక్కుంటే ఆ అటవీ చట్టం అడ్డు రాదు. కొండ మీద వాళ్ళ హక్కు నిలబడితే, కింద మన అల్లిక నిలబడుతుంది. మనిద్దరిదీ ఒకే బుట్ట, రెండు వైపులా అంచులు.

ఇకముందు

ఊరికే మాట్లాడి వెళ్ళిపోతే లాభం లేదు. ఈ వేదిక మీద నుంచి సంఘం తరఫున కొన్ని మాటలు పెడుతున్నాం. ఇవి ఆజ్ఞలు కావు, నడిచి తెలుసుకున్న పద్ధతులు.

మొదటిది, కొండకు వెళ్తే అక్కడివాళ్ళనే దారి చూపమని అడగండి, అడిగినంత ఇవ్వండి, బేరమాడకండి. ఆయన మీకు అమ్మేది నాలుగు గంటల సమయం కాదు, నాలుగు తరాల తెలివి.

రెండోది, తెల్లవారి బయలుదేరి, పొద్దుండగానే కిందికి దిగిపోండి. చలికాలంలో సాయంత్రం ఐదున్నరకే కొండ నీడ దారిని కమ్మేస్తుంది. ఎక్కడం పూర్తయినా కాకపోయినా, మధ్యాహ్నానికి వెనక్కి తిరగాలన్న మాట ముందే అనుకోండి. వెళ్ళే ముందు అటవీ శాఖ అనుమతులు కనుక్కోండి.

మూడోది, మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, ఒక ఈల, చలికి ఒక దుప్పటి, జారని చెప్పులు ఉండాలి. దోమల మందు మర్చిపోకండి, ఏజెన్సీలో మలేరియా నవ్వులాట కాదు. తిరిగి వచ్చాక జ్వరం తగిలితే వెంటనే రక్తపరీక్ష చేయించుకోండి. కొండకు వెళ్ళొచ్చామని డాక్టరుకు చెప్పండి.

నాలుగోది, జలపాతాల కింద లోతు తెలియని చోట దిగకండి. మనం కాలవల్లో ఈదిన జనమే. కానీ కాలవ వేరు, కొండవాగు వేరు. ఎగువన వాన పడితే దిగువన ఎండలోనే వాగు పొంగుతుంది.

ఐదోది, మనుషులను అడగకుండా ఫోటో తీయకండి. ఇల్లు ఇల్లే, గుడి గుడే. మన పేటకు ఎవరో వచ్చి మన వంటగదిలో కెమెరా పెడితే ఊరుకుంటామా?

చివరిది ముఖ్యమైనది. ఇంటికి వెళ్ళగానే మీ తాతను, నాయనమ్మను కూర్చోబెట్టి, వాళ్ళ చిన్నప్పుడు ఏ ఊరి నుంచి ఏ ఊరికి నడిచేవారో అడగండి. ఏ సంతలో ఏమి అమ్మారు, ఏ చెట్టు కింద వండుకున్నారు, వెదురు ఎక్కడ కొన్నారు, ఏ ఊళ్ళో అన్నం పెట్టారు, ఏ ఊళ్ళో తరిమారు, అన్నీ రాసుకోండి. రాయడం రాకపోతే ఫోనులో రికార్డు చేసి తెండి. వాటన్నిటినీ కలిపి మన పెద్దల నడక పటం ఒకటి గీద్దాం. వచ్చే చలికాలంలో ఆ పటంలోని ఒక దారి ఎంచుకుని మళ్ళీ నడుద్దాం. ఈసారి పల్లె నుంచి కొండరెడ్డి, కోయ పిల్లలను మన అల్లవరం తీసుకొచ్చి, ఓడలరేవు ఒడ్డున నిలబెట్టి, వాళ్ళ వాగు నీళ్ళు చివరికి ఎక్కడ కలుస్తాయో చూపిద్దాం. చుట్టరికం అంటే వెళ్ళడం ఒక్కటే కాదు, రమ్మనడం కూడా.

కాగితం చేత్తో మూసి ఎస్టీ అని రాసే పిల్లలు ఈ పందిరిలో ఇంకా ఉన్నారని మాకు తెలుసు. మీరు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. రోడ్డు లేని ఊళ్ళకు ఉప్పు మోసిన కాళ్ళకు, ఇంటింటికీ చేట అందించిన చేతులకు మీరు మనవలు, మనవరాళ్ళు. ఈసారి ఫారం వచ్చినప్పుడు చెయ్యి తీసి రాయండి. పక్కవాడు చూస్తే చూడనివ్వండి.

వచ్చే నడకకు పేర్లు ఇక్కడే, ఈ సభ ముగిసేలోపు రాయించుకోండి. ఆడపిల్లల పేర్లు ముందు రాసుకుంటాం. అమ్మలూ, మీ పేర్లు కూడా చెప్పండి, ముందు నడిచేది మీరే.

జై ఆదివాసీ!